చెరిగిన పందొమ్మిది అధ్యాయాలు

ఇంటి నుంచి
మార్చి 4

ఉడుతా,

ఆశీస్సులు తర్వాత. ముందు తిట్లు.

నువ్వు కొండెక్కి అయిదు రోజులైంది. మీ వాతావరణ కేంద్రంలో ఫోన్లు పలకవు, పది రోజులకోసారి సరుకుల బండిలో వచ్చే టపాయే గతి అన్నావు కాబట్టి కలం పట్టుకున్నాను. చేతికి రాత అలవాటు తప్పింది. ఎలా ఉన్నా చదువుకో.

నువ్వు నా కంప్యూటర్‌లో పెట్టి వెళ్ళిన కొత్త లినక్స్ చూడడానికి చక్కగానే ఉంది. పాత సిస్టమ్ లేచేలోపు నేను టీ కాచుకుని, తాగి, కప్పు కడిగేసేదాన్ని. ఇది నేను కుర్చీ లాక్కునేలోపే లేచి కూర్చుంటోంది. అంతవరకు నీకు మార్కులు వేస్తాను.

లేచి కూర్చున్నాక మాత్రం ఏ పనీ చేయదు. వై-ఫై గుర్తే కనపడడం లేదు. ఉందో లేదో అడుగుదామంటే అడిగే చోటు కూడా లేదు. సౌండు లేదు. ఏది నొక్కినా మూగనోము. ఇక నువ్వు కాగితం మీద రాసిపెట్టిన అప్‌డేట్ కమాండ్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చచ్చిందనుకుని తిరగేసి దులిపాను. రెండు బిస్కెట్ ముక్కలూ, నీ చెవిదుద్దు శీలా రాలాయి. పాస్‌వర్డ్ మాత్రం పడలేదు.

ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసినదాన్ని. లైను ఎక్కడ తెగిందో అవతలివాళ్ళ 'హలో' వినే చెప్పేదాన్ని. అలాంటిది నా బల్ల మీద పెట్టె ముందు దద్దమ్మలా కూర్చున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది. నా ఓడ నవల అధ్యాయాలు ఎక్కడ పెట్టావు? చూపు లేనివాళ్ళ లైబ్రరీ కోసం నేను చదివి రికార్డు చేసిన పందొమ్మిది అధ్యాయాలూ 'భద్రంగా పక్కన పెట్టానత్తా' అని గుమ్మంలో నిలబడి చెప్పావు. ఏ పక్కన? ఆన్ చేయగానే పాత సిస్టమా కొత్తదా అని అడుగుతుందని కూడా అన్నావు. అదేమీ అడగడం లేదే. ఇంకా పన్నెండు అధ్యాయాలు చదవాలి. ఒకావిడ వారం వారం లైబ్రరీకి ఫోన్ చేసి, ఓడ ఎంతవరకు వచ్చిందని అడుగుతోందట.

చలికి చెవులు కప్పుకో.

అత్త


కొండ మీది వాతావరణ కేంద్రం
మార్చి 13

అత్తా,

నీ తిట్లు పొగమంచులో తడిసి వచ్చాయి, అయినా వేడి తగ్గలేదు.

మొదట పాస్‌వర్డ్. నీ కీబోర్డు బతికే ఉంది. వెనకాల నిలబడి ఎవరైనా చుక్కలు లెక్కపెట్టుకుంటారని తెర మీద ఏమీ చూపించదు, అంతే. ఏమీ పడకపోయినా పూర్తిగా కొట్టి, ఎంటర్ నొక్కు.

వై-ఫై సంగతి. నీ కంప్యూటర్‌లో ఉన్న వై-ఫై చిప్‌కి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క ఈ లినక్స్‌తో పాటు రాలేదు. దాన్ని నెట్ నుంచి తెచ్చుకోవాలి. నెట్ రావాలంటే అది కావాలి. నవ్వకు, దారి ఉంది. నీ ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో 'యూఎస్‌బీ టెథరింగ్' అన్నది ఆన్ చేయి. ఫోన్‌లోని నెట్ వైరులోంచి కంప్యూటర్‌కి వస్తుంది. తర్వాత 'అదనపు డ్రైవర్లు' అన్నది తెరువు. వై-ఫైది దానంతటదే కనపడుతుంది. టిక్కు పెట్టి, కాసేపు ఆగి, ఆపి మళ్ళీ వేయి.

ఇక్కడ మేము నలుగురం. మా సీనియర్ గారు గాలి వేగం కొలిచేటప్పుడు తన టోపీ పట్టుకోవడం మర్చిపోతారు. మొన్నటిది మూడో టోపీ. వంటాయన అయితే మేఘాలను చూసి వాన ఎప్పుడొస్తుందో మా పరికరాలకన్నా ముందే చెప్పేస్తాడు, మాకు చిన్నతనంగా ఉంటుంది. మొక్కల మీద మంచు గాజుగొట్టాల్లా పేరుకుంటుంది. చూస్తే నీకు నచ్చుతుంది.

అధ్యాయాల గురించి ఏం కంగారు లేదు. ముందు సౌండు రానీ. సౌండు లేకుండా వాటితో ఏం చేస్తావు చెప్పు.

ఉడుత


ఇంటి నుంచి
మార్చి 23

ఉడుతా,

వచ్చింది. వై-ఫై వచ్చింది. వైరు తగిలించాను, టిక్కు పెట్టాను, ఆపి వేశాను. మూలన ఆ చిన్న విసనకర్ర గుర్తు కనపడగానే ఇంట్లో ఎవరూ లేకపోయినా 'లైను కలిసింది, మాట్లాడండి' అని పైకే అన్నాను.

సౌండు మాత్రం మొండికేసింది. సెట్టింగుల్లో చూస్తే 'డమ్మీ అవుట్‌పుట్' అని రాసి ఉంది. నీ ఉత్తరం కోసం ఇంకో పది రోజులు ఆగే ఓపిక లేక లైబ్రరీకి ఫోన్ చేశాను. అక్కడ కంప్యూటర్లన్నీ చూసేది లైబ్రేరియన్ గారే. గుమ్మం దగ్గర పుస్తకం తీసుకుని వచ్చేయడమే కానీ ఆయనతో ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఆయనకు పుట్టుకతో చూపు లేదు. కంప్యూటరే తెర మీదిదంతా ఆయనకు చదివి వినిపిస్తుంది. ఆయన వాడేదీ లినక్సేనట.

"తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవండి," అన్నారు.

"డమ్మీ అవుట్‌పుట్ అని ఉందండీ."

"అంటే తనకు నోరుందన్న సంగతే దానికి తెలీదు. మనం చెబుదాం. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరవండి. నేను చెప్పింది కొట్టి, మళ్ళీ నాకు ఒక్కో అక్షరం చదవండి."

నాకు పాత ప్రాణం లేచివచ్చింది. ఎక్స్ఛేంజిలో చదివినట్టే చదివాను: "ఎస్, సముద్రం. యు, ఉత్తరం. డి, దీపం. ఓ, ఓడ." ఆయన, "ఇలా చదివేవాళ్ళు దొరికితే నా సగం రోజు మిగులుతుందండీ," అన్నారు.

ఒక ఫైల్లో ఒక్క లైను చేర్పించారు. చుక్క తేడా వచ్చినా విని పట్టేశారు. ఆపి వేశాక డమ్మీ పోయి అసలు పేరు వచ్చింది. అప్పటికీ శబ్దం లేదు. ఇంకో కమాండ్ కొట్టించారు. నిలువు గొట్టాలు వరుసగా వచ్చాయి. ఒకదాని కింద 'ఎమ్ ఎమ్' అని ఉంది. "ఎవరో నోరు నొక్కేశారు. దాని మీదకు వెళ్ళి ఎమ్ కొట్టండి," అన్నారు. కొట్టాను. పరీక్ష పెడితే ఒకావిడ 'ఎడమ, కుడి' అని ఇంగ్లీషులో పలికింది. గొంతు కాస్త ముక్కుతో ఉంది. నన్ను పిలిచి ఉంటే ఇంకా బాగా చెప్పేదాన్ని. అదే మాట ఆయనతో అంటే పడీపడీ నవ్వారు.

ఆ ఊపులో, పాత అధ్యాయాలు ఎక్కడున్నాయో కూడా చూసిపెట్టమన్నాను. డిస్కులో ఏమేం భాగాలున్నాయో చూపించే కమాండ్ కొట్టించి చదవమన్నారు. చదివాను. రెండే లైన్లు.

"ఇంకేమీ లేవా?" అన్నారు.

"లేవండీ."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ మేనకోడలికి ఉత్తరం రాయండి. జవాబు వచ్చేదాకా ఆ కంప్యూటర్ ఆపేసి పక్కన పెట్టండి. ఏమీ రికార్డు చేయకండి," అన్నారు. ఎందుకని అడిగితే, అది ఆ అమ్మాయే చెప్పాలి అన్నారు.

ఆ మౌనం నాకు తెలుసు ఉడుతా. చెడ్డ కబురు చెప్పాల్సిన వాళ్ళు లైన్లో అలాగే ఆగుతారు. అధ్యాయాలు ఎక్కడ?

అత్త


వాతావరణ కేంద్రం
ఏప్రిల్ 3

అత్తా,

లేవు.

ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

ఆ రోజు పొద్దున బండి వచ్చేస్తోందన్న తొందరలో ఉన్నాను. పాతదాని పక్కన కొత్తది పెట్టాలా, డిస్కంతా చెరిపేసి పెట్టాలా అని అది అడిగింది. మంచిగా, స్పష్టంగా అడిగింది. నేను ఒక చేత్తో బ్యాగు జిప్పు లాగుతూ రెండోది నొక్కాను. ఖాయమేనా అని మళ్ళీ అడిగింది. ఖాయమే అన్నాను. సగం అయ్యాక నా వేలు ఎక్కడ పడిందో గుర్తొచ్చింది. అప్పుడు నువ్వు వంటింట్లో నాకోసం దారిలోకి రొట్టెలు చుడుతున్నావు.

వేరే చోట కాపీ తీశావా అని ముందు నిన్ను అడగాల్సింది. అడగలేదు. తర్వాత చెప్పాల్సింది. చెప్పలేదు. గుమ్మంలో నువ్వు నవ్వుతూ అడిగావు, నేను అబద్ధమాడాను. కొండెక్కుతుంటే ప్రతి మలుపులోనూ దిగిపోయి వెనక్కి వచ్చేద్దామనిపించింది. అలా అనుకుంటూనే పైకి వచ్చేశాను.

నువ్వు నెలల తరబడి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదివావని నాకు తెలుసు. వెక్కిళ్ళొచ్చి పద్నాలుగో అధ్యాయం మూడుసార్లు మొదలుపెట్టావని కూడా తెలుసు. నన్నేమైనా అను.

ఉడుత


ఇంటి నుంచి
ఏప్రిల్ 12

నీ ఉత్తరం అందింది.

ప్రస్తుతం రాయడానికి ఏమీ లేదు. స్వెట్టర్ పంపుతున్నాను. ఇది నీ ఉత్తరం రాకముందు అల్లింది కాబట్టి దీంట్లో కోపం లేదు. ఎడమ చెయ్యి మాత్రం తర్వాత పూర్తిచేశాను. బిగుతుగా ఉంటే ఆ లెక్కన అనుకో.

అత్త


లైబ్రరీ, రికార్డింగు గది
మే 2

ఉడుతా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. కోపం పూర్తిగా పోలేదు కానీ, కబుర్లు దాన్ని తోసుకుని ముందుకొచ్చేశాయి.

పది రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మీ నాన్న ఫోన్ చేస్తే గొంతు బాగోలేదన్నాను. నీ సంగతి వాడికి చెప్పలేదు, చెప్పను. పదకొండో రోజు లైబ్రేరియన్ గారే ఫోన్ చేశారు. "కంప్యూటర్ ఆపే ఉంచారా?" అన్నారు. ఉంచానన్నాను. "అయితే పట్టుకు రండి. చెరిపేయడమంటే పూర్తిగా పోవడం కాదు. పైన కొత్తది రాయనంతవరకు అడుగున పాతది ఉంటుంది," అన్నారు.

ఒళ్ళో పసిపిల్లని పెట్టుకున్నట్టు పెట్టుకుని బస్సెక్కాను. నా కంప్యూటర్‌లోది గిర్రున తిరిగే పాతకాలపు డిస్కు కావడం అదృష్టమట. ఆయన పెన్‌డ్రైవ్ నుంచి వేరే సిస్టమ్ నడిపి, పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు. ఒకటిన్నర రోజు వెతికింది. నాలుగు వేల పైచిలుకు శబ్దాలు దొరికాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. వాటిలో నా గొంతు ఉన్నవి ఏవో వినే తేల్చాలి.

రోజూ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని విన్నాం. గంటల మోతలు, ఆటల్లో వచ్చే చప్పుళ్ళు, నువ్వు పదో తరగతిలో తలుపేసుకుని పాడుకున్న పాట. ఆయన విన్నారు. అడ్డుపడదామనుకునేలోపే అయిపోయింది. "శ్రుతి ఉంది," అన్నారు.

వారం తిరిగేసరికి పదకొండు అధ్యాయాలు పూర్తిగా దొరికాయి. మిగతావి ముక్కలు చెక్కలు. పదకొండు చాలనుకుని నేను గంతులేయబోతుంటే, మూడో అధ్యాయం మొదటినుంచి చివరిదాకా విందాం అన్నారు. విన్నాం.

"మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట," అన్నారు.

"అనండి."

"ఒక్క అక్షరం పోలేదు. అంత స్పష్టంగా ఎవరూ చదవరు. కానీ కథ మాకు అందించేసి మీరు పక్కకు తప్పుకుంటున్నట్టు ఉంది."

లేచి వచ్చేశాను. రెండు రోజులు వెళ్ళలేదు. ఆ రెండు రోజులూ ఆలోచించాను ఉడుతా. ఆయన అన్నది నిజం. ముప్పై మూడేళ్ళు నా పని అదే కదా. కలపడం, తప్పుకోవడం. మధ్యలో వినకూడదు, అది నియమం. ఎవరు ఏడ్చినా, ఎవరు పెళ్ళికి ఒప్పుకున్నా, నేను లైను కలిపి చెవి తీసేసేదాన్ని. ఓడ మునిగిపోతుంటే కూడా 'లైను బిజీగా ఉంది, వేచి ఉండండి' అన్నట్టు చదివాను.

మూడో రోజు వెళ్ళి, మొత్తం మళ్ళీ చదువుతానన్నాను. పదకొండూ పక్కన పెట్టేసి, మొదటి పేజీ నుంచి. ఈసారి ఎదురుగా కూర్చుని వినమన్నాను. మనిషి వింటుంటే తప్పుకోవడం కష్టం.

దీన్ని నీ గొప్పగా రాసుకోకు. నువ్వు చేసింది తప్పే.

స్వెట్టర్ సరిపోయిందా?

అత్త


వాతావరణ కేంద్రం
మే 14

అత్తా,

సరిపోయింది. ఎడమ చెయ్యి బిగుతుగానే ఉంది. విప్పి అల్లనివ్వను, అలాగే వేసుకుంటాను.

నీ ఉత్తరం చదివి బయటికి పరుగెత్తి వానకొలత డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగాను. సీనియర్ గారు కిటికీలోంచి చూసి, పీడనం ఏమైనా పడిపోయిందా అని అడిగారు. పెరిగిందన్నాను.

తప్పు నాదే, దాన్ని ఎప్పటికీ అటూ ఇటూ తిప్పను. ఇక్కడి రికార్డులన్నిటికీ ఇప్పుడు రోజూ రెండు చోట్ల కాపీలు తీస్తున్నాను. నన్ను అందరూ చాదస్తం అంటున్నారు.

మైకులో బుసబుస వినిపిస్తే, ఆ గొట్టాల తెరలోనే ఎఫ్-ఫోర్ నొక్కు. 'మైక్ బూస్ట్' అన్నది నిండుగా ఉంటుంది, దాన్ని కిందికి దించు. నువ్వే మైకుకి దగ్గరగా జరుగు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివి లెక్కపెట్టాను. ఆయన ఏమన్నారు, ఆయన ఏం చేశారు అన్నవి పన్నెండు చోట్ల ఉన్నాయి. వై-ఫై ఒక్కచోట కూడా లేదు. అది బాగానే పనిచేస్తోందా?

ఉడుత


లైబ్రరీ, రికార్డింగు గది
జూలై 20

ఉడుతా,

వై-ఫై బ్రహ్మాండంగా ఉంది. నీకు కొండ మీద చదవడానికి పుస్తకాలు లేక నా ఉత్తరాలు లెక్కపెడుతున్నావు.

బుసబుస పోయింది. మైక్ బూస్ట్ దించమని నువ్వు చెప్పేలోపే ఆయన దించమన్నారు, అయినా నీకూ మార్కులు. ఒక అప్‌డేట్ తర్వాత తెర వెలుతురు తగ్గించే మీటలు పనిచేయడం మానేశాయి. దాన్ని ఎవరినీ అడగకుండా నేనే వెతికి బాగుచేసుకున్నాను. పక్కింటి దర్జీ ఆవిడ కంప్యూటర్‌కి కూడా లినక్స్ పెట్టాను. డిస్కు చెరిపేయాలా అని అది అడగగానే ఇద్దరం కుర్చీలు వెనక్కి జరుపుకుని, చేతులు కట్టుకుని, రెండుసార్లు చదివాం. నిన్ను తలుచుకున్నాం.

నవల పూర్తయింది. ముప్పై ఒక్క అధ్యాయాలు. ఇరవై ఆరోది చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. ఆపబోతే ఆయన ఆపవద్దని చెయ్యి ఊపారు. అలాగే ఉంచేశాం. వారం వారం ఫోన్ చేసే ఆవిడ మొత్తం ఒక్క రోజున విని, మళ్ళీ ఫోన్ చేసి, ఈ చదివినావిడ ఓడలో పనిచేసిందా అని అడిగిందట.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. మూడు చోట్ల కాపీ ఉంది, భయపడకుండా తీసుకో.

అత్త


వాతావరణ కేంద్రం
ఆగస్టు 9

అత్తా,

బండి వచ్చిన రోజు నుంచి పొగమంచు కమ్మేసింది. బయట చెయ్యి చాచితే వేళ్ళు కనపడవు. కొలతలు రాసుకోవడం, లోపల కూర్చోవడం తప్ప పని లేదు. భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టి నలుగురం విన్నాం.

ఏం చెప్పమంటావు. నాకు తెలిసిన గొంతే, కానీ ఇన్నాళ్ళూ తలుపు వెనక ఉండి మాట్లాడిన మనిషి గదిలోకి వచ్చినట్టు ఉంది. ఓడ వంటమనిషి తుఫానులో సూపు గిన్నెను కాళ్ళ మధ్య బిగించి కూర్చున్న చోట మా వంటాయన లేచి నిలబడ్డాడు. "ఆవిడకి వంట తెలుసు," అన్నాడు. నీకు రాదని నేను చెప్పలేదు. ఇరవై ఆరో అధ్యాయంలో సీనియర్ గారు కళ్ళజోడు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళి, దారి కనపడక పావుగంటకి తిరిగొచ్చారు.

ఇరవై తొమ్మిదో అధ్యాయంలో మాత్రం ఒకటి దొరికింది. కెప్టెన్ ఉత్తరం తడిసి అక్షరాలు అలుక్కుపోయే చోట నువ్వు చదువుతూ చదువుతూ నవ్వావు. నీతో పాటు ఇంకెవరో నవ్వారు. మగగొంతు. ఇద్దరూ ఆపుకోలేక చాలాసేపు నవ్వి, నువ్వు 'అయ్యో, ఎక్కడున్నాం' అంటే, ఆ గొంతు 'ఇక్కడే ఉన్నాం, చదవండి' అంది. దాన్ని తీసేయలేదు.

అత్తా, తీసేయకుండా వదిలేసేంత అజాగ్రత్త నీకు లేదు. ఎన్ని అప్‌డేట్లు చేసినా మారనిది నీ చాదస్తం ఒక్కటే. కాబట్టి సూటిగా అడుగుతున్నాను, తిప్పకుండా చెప్పు. ఏమిటి సంగతి?

ఉడుత


ఇంటి నుంచి
ఆగస్టు 19

ఉడుతా,

తీసేయమన్నాను. ఆయన తీయలేదు. వినేవాళ్ళకు అదే ఎక్కువ నచ్చుతుందన్నారు. నచ్చింది కూడా, పాడు.

సంగతి ఇది. నవల అయిపోయిన మర్నాడు నేను అలవాటు కొద్దీ లైబ్రరీకి వెళ్ళాను. పని లేదు, పుస్తకం లేదు. ఎందుకొచ్చారంటే చెప్పడానికి మాట లేక అప్‌డేట్ ఏదో ఆగిపోయిందని అబద్ధమాడాను. మన ఇంటి రక్తంలోనే ఉన్నట్టుంది ఈ గుణం.

"ఏ అప్‌డేట్? ఒక్కో అక్షరం చదవండి," అన్నారు ఆయన.

నాకు ఒక్క అక్షరం కూడా తట్టలేదు. ఆయన కుర్చీ నా వైపు తిప్పి, "రికార్డు చేయాల్సిన పుస్తకాలు ఇంకా నాలుగు వందలున్నాయి. మీ ఇంటి నుంచి ఇక్కడికి బస్సులో రానూపోనూ గంటంబావు. ఆ గంటంబావు మిగిలితే ఇంకా ఎన్ని చదవొచ్చో ఆలోచిస్తున్నాను," అన్నారు.

"అంటే నన్ను లైబ్రరీ దగ్గరికి మారమంటున్నారా?" అన్నాను.

"నేను ఉండేది లైబ్రరీ మేడ మీదే," అన్నారు.

నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఎంతమంది పెళ్ళి మాటలకు లైన్లు కలిపానో లెక్కే లేదు. నాకోసం లైను మోగడం ఇదే మొదలు. ఏం చేయాలో తెలియక, "అలాగేనండి," అన్నాను. తర్వాత ఎవరో పుస్తకం కోసం తలుపు తట్టి, జవాబు లేక వెళ్ళిపోయారు.

మీ నాన్నకి చెప్పాను. ముందు దగ్గాడు, తర్వాత కొత్త చొక్కా కుట్టించుకోవాలన్నాడు. వచ్చే నెల పదకొండున, పొద్దున పదిగంటలకు రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు. దర్జీ ఆవిడ ఒక సాక్షి, మీ నాన్న ఇంకొకరు. మూడో సాక్షివి నువ్వు. మొదట దొరికిన బండికే దిగి వచ్చేయి, సీనియర్ గారిని ఒప్పించు, కావాలంటే ఆయన్నీ తీసుకురా.

ఇంకో మాట. నువ్వు వచ్చాక ఆయన్ని ఏమని పిలవాలా అని నీళ్ళు నమిలేవు. లైబ్రేరియన్ గారూ అని మాత్రం అనకు. మామయ్యా అను. నిన్న ఆయనే అడిగారు, ఆ పిల్ల నన్ను అలా పిలుస్తుందా అని. పిలుస్తుందని నీ తరఫున మాట ఇచ్చేశాను.

నీ అత్త